కాజాలమ్మాయి అర ఖాళీ అయ్యేదాకా

గ్రంథాలయం కేటలాగు విభాగంలో పనిచేసి రిటైరైన నేను, నా అరవై తొమ్మిదో ఏట, ఆసుపత్రి మూడో అంతస్తులో కిటికీ పక్క మంచం మీద కూర్చుని, నా చేతిరాతతో, నా ఇష్టప్రకారం రాసి ఉంచుతున్న చివరి వీలునామా ఇది. ఇది రాసేనాటికి నా మతి స్థిమితంగా ఉంది, జ్ఞాపకశక్తి బాగుంది. గుండెలో ఒక కవాటం మాత్రం సరిగ్గా మూసుకోవడం లేదు, దాన్ని వచ్చే బుధవారం కోసి బాగుచేస్తామంటున్నారు. ఈ కాగితం రాయమని నన్నెవరూ ఒత్తిడి చేయలేదు. రాయొద్దని మాత్రం చేశారు.

మామూలుగా వీలునామాల్లో మతి సంగతి ఒక్క వాక్యంతో తేలిపోతుంది. నా విషయంలో అది చాలదు. నా ఒక్కగానొక్క కొడుకు ఈ వార్డు డాక్టరుతో, "మా అమ్మకి అనుమానం జబ్బులా ముదిరిందండీ, ఒకసారి ఎవరికైనా చూపించండి" అన్నాడు. నిజమే, నా ఫోను కెమెరా మీద పట్టీ అంటించాను. ఆసుపత్రి వాళ్ళ యాప్ వేసుకోనన్నాను. దుకాణంలో సబ్బు కొంటే ఫోను నంబరు ఎందుకని అడుగుతాను. వీటిలో ఏది జబ్బో తేల్చడానికి మనసు డాక్టరు వచ్చాడు. ఈరోజు ఏ వారమో అడిగాడు, అంకెలు వెనక్కి చెప్పించాడు, కెమెరా మీద పట్టీ ఎందుకన్నాడు. ఆయన ఒళ్ళో ఉన్న లాప్‌టాప్ కెమెరా మీద కూడా చిన్న స్టిక్కరు ఉంది. నేను దానివైపు చూశాను, ఆయనా చూసుకున్నాడు. నవ్వు ఆపుకుంటూ, మతి నిక్షేపంలా ఉందని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ కాగితం దీనికి జతచేశాను.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు ఏవైనా ఉంటే అవన్నీ ఈ పత్రంతో రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా వీధి చివర ఆఫీసున్న వకీలమ్మకు అప్పగిస్తున్నాను. ఆవిడకు వాగే అలవాటు ఉంది గానీ, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చేసే మనిషి.

2. నా ఆస్తి ఇదీ. నేను ఉంటున్న రెండు గదుల ఫ్లాటు, నా స్వార్జితం. పుస్తకాలు. ఒక పాత లాప్‌టాప్. వంటింటి అటక మీద సబ్బుపెట్టె అంత ఉండే ఒక కంప్యూటరు, దీన్ని మా ఇంట్లో డబ్బా అంటాం. ఆఖరుది, అన్నిటికన్నా బరువైనది, ఇంటర్నెట్‌లో ఒక పేరు.

పేరంటే ఏమిటో వకీలమ్మకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. గ్రంథాలయంలో ఉండగానే ఆ పేరు నేను రిజిస్టరు చేయించాను. ఆ పేరు మీద నా వెబ్‌సైటు నడుస్తుంది. రంగులు, కదిలే బొమ్మలు లేని ఉత్త అక్షరాల పేజీలు అవి, ఇరవై ఏళ్ళ నాటి యంత్రంలోనూ తెరుచుకుంటాయి. వాటితోపాటు అదే పేరు మీద, అడిగినవాళ్ళకు ఉత్తరాలు తెప్పించుకోవడానికి ఈమెయిల్ అరలు ఇచ్చాను. ఊరికే ఇచ్చాను. ఎవరినీ అసలు పేరు అడగలేదు, ఫోను నంబరు అడగలేదు. ఎవరి అర తాళం వాళ్ళదే. డబ్బాలో నాకు కనిపించేది ఒక్కటే, ఏ అర ఎంత బరువుందో. లోపల ఏముందో నాకు తెలియదు, తెలియకూడదని నేనే అలా కట్టాను.

ఇక అసలు సంగతి. ఆ పేరు ఎవరి చేతిలో ఉంటే, ఆ పేరుకు వచ్చే ఉత్తరాలన్నీ వాళ్ళ గుమ్మంలో పడతాయి. తాళం నీ దగ్గరే ఉన్నా లాభం లేదు, ఉత్తరం నీ అర దాకా రాదు. ఏడాదికోసారి రుసుము కట్టడం మరిచిపోతే ఆ పేరును దారిన పోయేవాడెవడైనా తీసుకోవచ్చు. ఈ వీలునామా అంతా ఆ పేరు కోసమే. మిగతావి పోతే పోనీ.

3. ఫ్లాటు నా తదనంతరం నా కొడుక్కి సర్వహక్కులతో చెందాలి. "పేరు జోలికి రాకుండా ఉంటేనే ఫ్లాటు అని షరతు పెట్టండమ్మా, దెబ్బకి దారికొస్తాడు" అని వకీలమ్మ సలహా ఇచ్చింది. నేను పెట్టను. వాడు ఎనిమిదేళ్ళప్పుడు తండ్రిని పోగొట్టుకున్నాడు. తలమీద కప్పు పేరు చెప్పి వాడిని బెదిరించడం నాకు చేతకాదు.

వాడి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. వాడు అడగకముందే సాయం చేస్తాడు. నా పుస్తకాలు సైజుల వారీగా సర్దేశాడోసారి, కేటలాగు చేసి బతికిన మనిషి ఇంట్లో. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాడి గుణమే అంత, చెడ్డది కాదు. ఇప్పుడు ఆ పేరు అమ్మేయమని వాడు పోరుపెట్టడం కూడా అందుకే. "ఈ వయసులో ఆ డబ్బా గొడవంతా నీకెందుకమ్మా? వాళ్ళెవరో అడుగుతున్నారు, ఇచ్చేసి హాయిగా పడుకో" అంటాడు. నా గుండె పాడవడానికి ఆ డబ్బాయే కారణమని వాడి నమ్మకం.

4. పాత లాప్‌టాప్ నా మనవరాలికి. అందులో రాసుకోవడానికి ఒక తెల్ల పేజీ, లెక్కలకు ఒకటి, అంతే ఉన్నాయి. గంట మోగదు, ఎవరు ఏం పెట్టారో చూడమని పిలవదు. ఎదురుగా కూర్చుని నువ్వు రాసుకుంటుంటే అది నోరు మూసుకుని ఉంటుంది, ఈ రోజుల్లో అదే పదివేలు. మొదటి పేజీ ఎలా కట్టాలో నీకు నేర్పింది నేనే గదా తల్లీ. నీ పేజీలో కప్పల గురించి రాసింది నాకు చాలా ఇష్టం. దాన్ని తీసెయ్యకు, పెద్దయ్యాక సిగ్గేసినా సరే.

5. ప్రమాణాల కమిటీలో నాతో పదకొండేళ్ళు గొడవపడ్డ గడ్డం మాస్టారుకు నా పుస్తకాల్లో ఏవి కావాలంటే అవి. వెబ్ పేజీలు ఏ కంపెనీ యంత్రంలోనైనా ఒకేలా తెరుచుకోవడానికి అందరూ పాటించే నియమాలు రాసే కమిటీ అది. జీతం లేదు, భత్యం లేదు, ఒకరినొకరు ఉత్తరాల్లో చెరిగేసుకోవడం మాత్రం ఉండేది. అందులో నేను రాసిన వాక్యం ఒకే ఒక్కటి నిలిచింది. ఫారంలో మనిషి ఖాళీగా వదిలిన గడిని యంత్రం తప్పని చూపకూడదు, అని. ఆ ఒక్క వాక్యానికి ఈయన పెట్టిన తిరకాసులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆఖరి ఓటు వేసింది కూడా ఈయనే, నా వైపు. వేశాక కూడా "నేను ఒప్పుకున్నట్టు కాదు" అన్నాడు.

ఈ ఆసుపత్రిలో చేరేటప్పుడు ఫోను నంబరు గడి ఖాళీగా వదిలితే వాళ్ళ కంప్యూటరు ముందుకు పోలేదు. కౌంటరు అమ్మాయి "ఏదో ఒకటి వేసేయండమ్మా" అంది. మాస్టారూ, నా వాక్యాన్ని ఎవరూ పాటించడం లేదు, మీరు వెంటనే ఒక ఉత్తరం రాయండి. డబ్బాకు రిపేరు వస్తే చేయాల్సిన భారం కూడా మీదే. నియమాన్ని చివరి వాక్యం దాకా చదివే మనిషి నాకు మీరు తప్ప ఇంకొకరు తెలియదు.

6. ఈ కలం, అంటే ఈ ఆరో అంశం, నా కొడుకు శ్రద్ధగా చదవాలి. ఒరేయ్ నాన్నా, నీకు ఇప్పటిదాకా చెప్పని సంగతి ఇక్కడ రాస్తున్నాను.

ఆరేళ్ళ కిందట, నేను గ్రంథాలయంలో ఆఖరి ఏడాది పనిచేస్తుండగా, ఒకమ్మాయి చంకలో పాపతో నా బల్ల దగ్గరికి వచ్చింది. రెడీమేడ్ బట్టల కార్ఖానాలో కాజాలు కుడుతుందట. వేళ్ళ నిండా సూది పోట్లు. "ఎక్కడుంటున్నానో ఎవరికీ తెలియకుండా ఉత్తరాలు తెప్పించుకునే దారేమైనా ఉందా అమ్మా?" అని అడిగింది. మాట్లాడుతున్నంతసేపూ తలుపు వైపే చూస్తోంది. భర్త నుంచి పారిపోయి వచ్చిందని చెప్పింది. ఆయన డబ్బున్నవాడు, చెయ్యి చేసుకునేవాడు. పాప ఎవరి దగ్గర ఉండాలో కోర్టులో తేలాలి. కోర్టు వాళ్ళు ఎక్కడికో అక్కడికి నోటీసు పంపాలి గదా. ఫోను నంబరు లేకుండా అర ఇచ్చేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. నేను ఇచ్చాను. నా లెక్కలో ఆ అమ్మాయి పేరు కాజాలమ్మాయి.

అరకు ఏం పేరు పెట్టుకుంటావంటే, చిన్నప్పుడు ఇంట్లో పిలిచిన ముద్దుపేరు చెప్పింది. "ఆ పేరు ఎక్కడో ఒకచోట బతికుండాలని ఉందమ్మా" అంది. ఎవరు ఏ పేరు పెట్టుకున్నా నేను కాదనను, అది నా నియమం. ఆరోజు కాదని ఉంటే బాగుండేది.

మర్నాడు వచ్చి, నా స్వెట్టరుకు వదులైపోయిన కాజాలన్నీ విప్పి మళ్ళీ కుట్టి ఇచ్చింది. ఆ తర్వాత నేను ఆ అమ్మాయిని చూడలేదు. ఎక్కడుందో తెలియదు. అప్పుడప్పుడు అర బరువు తగ్గేది, అంటే ఎక్కడి నుంచో తెరిచి చదువుకుని తీసేసిందన్నమాట. నాకు తెలిసింది అంతే.

రెండు నెలల కిందట నేను మొదటిసారి ఇక్కడ పడ్డప్పుడు, డబ్బా నాలుగు రోజులు ఆగిపోవచ్చని అరలవాళ్ళందరికీ ఒక ముక్క రాయమని నీకు చెప్పాను. నువ్వు రాశావు. అందరి చిరునామాలూ ఒకే వరసలో, అందరికీ కనిపించేటట్టు పెట్టి పంపావు. ఎవరికి వారికి విడిగా పంపాలని నేను చెప్పలేదు. అది మాలాంటివాళ్ళకు ఊపిరి పీల్చడమంత మామూలు సంగతి కాబట్టి చెప్పాలని తట్టలేదు. నువ్వు ఆఫీసులో రోజూ చేసే పని కాబట్టి నీకు ఆలోచించాలని తట్టలేదు. మూడో రోజుకల్లా నలభై మంది దాకా "త్వరగా కోలుకోండి" అని అందరూ అందరికీ రాసుకున్నారు. నలభై మంది మొహాలకు ఉన్న తెరలు ఒక్క ఉత్తరంతో లేచిపోయాయి. అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో నాకు తెలియదు. ఎక్కడో ఒకచోట, ఆ ముద్దుపేరు ఎరిగిన ఒక మనిషి కంట్లో పడింది.

ఆ తర్వాత మూడు వారాలకు మధ్యవర్తి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన గొంతు. నా పేరు కొంటానన్నాడు. ఎవరికోసమంటే, "అది ఇప్పుడెందుకులెండి" అన్నాడు. దుకాణానికి పేరు కావాల్సినవాడు పేరు చూసుకుని వెళ్ళిపోతాడు. ఇతను మాత్రం, "పేరు మారిన రోజు నుంచే దాని ఉత్తరాలు కూడా మాకే వస్తాయి గదమ్మా?" అని అడిగాడు. లేచి వెళ్ళబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు, ఆ ముద్దుపేరు పలికాడు. ఆ పేరుతో ఉన్న అర ఇంకా వాడుకలో ఉందా అని అడిగాడు.

ఎవరి అరలో ఏముందో నాకు కనిపించదన్నాను. ముప్పై ఏళ్ళుగా నేను నమ్మిన పద్ధతి ఆరోజు నన్ను అబద్ధమాడకుండా కాపాడింది. కానీ అదే పద్ధతి ఇప్పుడు నా చేతులు కట్టేసింది. ఆ అమ్మాయికి కబురు చెప్పడానికి ఆ అర తప్ప నాకు ఇంకో దారి లేదు. అందులోనే ఉత్తరం వేశాను. కొత్త అర ఎక్కడైనా తెరుచుకుని కోర్టుకూ బడికీ అది ఇచ్చుకో, దీన్ని ఖాళీ చేసి వెళ్ళిపో, నాకు జవాబు రాయకు, అని. రోజూ పొద్దున్నే ఫోనులోంచి బరువు చూస్తున్నాను. ఇప్పటిదాకా తగ్గలేదు.

నీకు ముందే ఎందుకు చెప్పలేదంటావేమో. నువ్వు కుంగిపోతావని కొంత. కోపంలో నేను ఏమంటానో అని కొంత. అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటంటే, నువ్వు వెంటనే ఫోను తీసి మధ్యవర్తిని కడిగేస్తావు. నీకు కోపం వచ్చిందని తెలిస్తే చాలు, ఆ అర ఉన్నట్టే అని వాడికి రూఢి అయిపోతుంది.

డబ్బా ఆపేస్తే పోదా అని కూడా ఆలోచించాను. ఆపేస్తే కోర్టు నోటీసు వెనక్కి పోతుంది, ఆమె వాయిదాకు రాలేదని రాసుకుంటారు, పాప పోతుంది. తెరిచి ఉంచాలి, పేరు మాత్రం ఆమె భర్త చేతిలో పడకూడదు. నాకున్న చిక్కంతా ఇదే.

7. (ఇది రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. నిన్న ఒంట్లో బాగోలేదు.) పైన చెప్పిన పేరు, డబ్బా, వాటి మీద నాకున్న సమస్త హక్కులూ నా తదనంతరం నా భర్త చెల్లెలికి, అంటే మా ఆడపడుచుకు, పూర్తిగా దఖలుపడాలి.

మా ఇంట్లో ఈ కలం చదివి నోరెళ్ళబెట్టని వాళ్ళు ఉండరు. మా ఆడపడుచుతో నేను మాట్లాడక ముప్పై ఏళ్ళు దాటింది. నా కొడుకు పెళ్ళిలో ఎదురుపడ్డా "భోంచేశావా" అని కూడా అడగలేదు. కారణం ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఆ రోజుల్లో పై ఊళ్ళకు మాట్లాడాలంటే ఆమె కలిపితేనే కలిసేది. నా భర్త తన జబ్బు నాకు చెప్పలేదు. పెద్ద డాక్టరుతో నెలల తరబడి ఫోనులో మాట్లాడుకున్నాడు. ప్రతిసారీ ఆ ఫోను కలిపింది తన చెల్లెలు. ఆమెకు అంతా తెలుసు. వారానికోసారి మా ఇంటికి వచ్చి, నా పక్కన కూర్చుని బఠాణీలు ఒలిచి, నాతో నవ్వి వెళ్ళేది. ఆయన పోయాక నిలదీస్తే, "అన్నయ్య చెప్పొద్దన్నాడు వదినా. చెప్పమని ఉంటే ఆ పూటే చెప్పేదాన్ని. నా చెవిలో పడ్డ మాట నాది కాదు" అంది. ఆ మాటకు నేను ఆమెను గుమ్మం దాటించాను. నాకు ఆ నెలలు దక్కాల్సింది. ముందే తెలిసి ఉంటే ఆయనతో ఇంకోలా ఉండేదాన్ని. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, చల్లారిందని అబద్ధం రాయను.

ఊళ్ళో సగం మంది సంసారాలు ఆమె చెవిలోంచి పోయాయి. ఒక్కటీ నోటి దాకా రాలేదు. ఈ పేరు ఎవరి చేతిలో పెట్టాలా అని మంచం మీద పడుకుని ఎరిగిన మనుషులందర్నీ తలుచుకుంటూ పోతే, చివరికి నాకు మిగిలిన మనిషి ఆమె ఒక్కతే. పోయిన గురువారం నేనే ఫోను చేశాను. గంటలో వచ్చింది, జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. సంగతంతా విని, "నేనేం చెయ్యాలి వదినా?" అంది. ఏమీ చేయకూడదన్నాను. "అది నాకు వచ్చు" అంది. ఇద్దరం ఏడ్చాం, ఎందుకో అడగొద్దు.

8. మా ఆడపడుచు పాటించాల్సినవి. ఏటా రుసుము గడువుకు నెల ముందే కట్టాలి, అందుకు నా పింఛను ఖాతాలో ఉన్నది వాడుకోవాలి. డబ్బా ప్లగ్గు ఎవరూ పీకకుండా చూడాలి, ముఖ్యంగా అటక దులిపేవాళ్ళు. ఏ అరనూ తెరవకూడదు, తెరవడానికి మనుషులను పెట్టకూడదు. పోలీసులమని వచ్చినా, బంధువులమని వచ్చినా, కాగితం చూపించమని అడిగి వకీలమ్మ దగ్గరికి పంపాలి. రోజుకోసారి ఆ ఒక్క అర బరువు చూడాలి. అది సున్నా అయిందంటే కాజాలమ్మాయి కబురందుకుని వెళ్ళిపోయిందని అర్థం. సున్నా అయిన రోజున డబ్బా తీసి, లోపలి చిప్పు సుత్తితో కొట్టాలి. మిగతా అరలవాళ్ళకు నేను విడివిడిగా రాశాను, వాళ్ళు ఇప్పటికే సర్దుకుంటున్నారు. ఆ తర్వాత కూడా పేరు అమ్మకూడదు. ఆ పాప మేజరయ్యేదాకా రుసుము కడుతూ, ఏ పేజీ లేకుండా, ఏ ఉత్తరం తీసుకోకుండా ఖాళీగా ఉంచాలి.

కాజాలు కుట్టిన స్వెట్టరు ఎవరికీ ఇవ్వొద్దు. నా ఒంటి మీదే ఉండనివ్వండి.

9. (సోమవారం.) ఈరోజు మధ్యాహ్నం మధ్యవర్తి మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. "మీ అబ్బాయి దాదాపు ఒప్పేసుకున్నారమ్మా. మీరు ఏదో కాగితం రాస్తున్నారని విన్నాను. ఈ మందుల మీద, ఈ మంచం మీద రాసింది రేపు కోర్టులో నిలబడుతుందనుకోను. వారసుడు ఒక్క దావా వేస్తే చాలు" అన్నాడు. మంచం పక్కన పెట్టిన పళ్ళబుట్ట వాడిదే. నర్సును పిలిచి బయట పెట్టించాను.

వాడు చెప్పింది నిజమని వకీలమ్మ ఒప్పుకుంది. నేను పోయాక నా మతి మీద దావా వేసే హక్కు నా కొడుక్కి ఒక్కడికే ఉంది. అనుమానం జబ్బని డాక్టరుతో అన్నది కూడా వాడే, ఆ మాట వార్డు కాగితాల్లో ఎక్కి కూర్చుంది. దావా నడిచినన్నాళ్ళూ పేరు ఎవరిదీ కాకుండా పోతుంది, రుసుము గడువు దాటిపోతుంది. వాళ్ళకు గెలవక్కర్లేదు, నాన్చితే చాలు.

అందుకని నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ వీలునామాను నేను పోయాక కాదు, రేపు సంతకానికి ముందే నా కొడుకు చదవాలి. చదివి వాడు ఏం చేస్తాడో నాకు తెలియదు. నా కడుపున పుట్టినవాడి గురించి ఇలా రాయాల్సి వస్తుందనుకోలేదు. భయంగా ఉంది, ఆపరేషన్ గురించి కాదు.

ఒరేయ్ నాన్నా, ఒక్క సంగతి. నేనెవరి అసలు పేరూ అడగలేదని రాశాను గదా, ఆ నలభై అరల్లో ఆ ఒక్కటి తప్ప మిగతావి ఎవరివో నాకు తెలియదు. నిజంగానే తెలియదు. నీ భార్యది ఒకటి ఉండొచ్చు. నీ కూతురిది ఉండొచ్చు. అమ్మితే ఎవరిని అమ్ముతున్నావో నీకూ తెలియదు.

10. పై కలాల్లో ఏదైనా, ఏ కారణం చేతనైనా చెల్లకపోతే, ఆ ఆస్తి మా ఆడపడుచుకే చెందాలి.

11. (మంగళవారం. వకీలమ్మ, మా ఎదురింటి మందుల షాపు ఆయన మంచం పక్కనే నిలబడి ఉండగా రాస్తున్నాను.) నా కొడుకు పొద్దున వచ్చి కాగితాలు తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. గాజు తలుపులోంచి వాడి వీపు కనిపిస్తూనే ఉంది. ఆరో కలం దగ్గర కాబోలు, బెంచీ మీద కూలబడ్డాడు. జేబులోంచి ఫోను తీశాడు. నా ప్రాణం పోయినంత పనైంది. ఎవరికీ చేయలేదు, దాని వైపు చూసి చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. చాలాసేపటికి లోపలికి వచ్చాడు. నా మొహం చూడలేదు. "సాక్షులు ఎవరెవరు?" అని వకీలమ్మను అడిగాడు. ఒకరు మందుల షాపు ఆయన, రెండోది వార్డు నర్సు అని చెప్పింది. "నర్సు వద్దు, నేను పెడతా" అన్నాడు.

వకీలమ్మ వాడిని కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. "సాక్షిగా సంతకం పెడితే ఇందులో మీకు రాసింది చెల్లదు బాబూ, ఫ్లాటు మీ అత్తయ్యకు పోతుంది. పైగా మీ అమ్మగారి మతి బాగుందని మీరే సాక్ష్యం చెప్పినట్టవుతుంది. రేపు దావా వేయడానికి మీకు నోరుండదు." వాడు, "తెలిసే అడుగుతున్నానండీ" అన్నాడు. తొందరపడొద్దురా అని నేనన్నాను. ఈసారి కూడా అడగకముందే సాయం చేస్తున్నాడు. వద్దనే శక్తి నాకు లేదు, వద్దనాలనీ లేదు.

ఈ పొద్దున చూశాను, అర బరువు తగ్గలేదు.

పైన రాసినదంతా నేనే రాశాను, మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను, ఒక్క అక్షరం మార్చాల్సిన పని లేదని తేల్చుకుని, కింద పేర్కొన్న ఇద్దరి కళ్ళెదుట సంతకం చేస్తున్నాను.

తేదీ: 2025 మార్చి 11, మంగళవారం

సంతకం: (వీలునామా రాసినావిడ)

సాక్షులు:

1. మందుల షాపు యజమాని, ఎదురిల్లు. నా ఎదుటే సంతకం చేశారు.

2. కొడుకు. అంతా చదివాను. అందరికీ కనిపించేలా ఆ ఉత్తరం పంపింది నేనే. ఇది రాసేటప్పుడూ, సంతకం చేసేటప్పుడూ మా అమ్మ మతి స్థిమితంగా ఉంది.